మా ముఖం ఎటు?

మమ్మల్ని అడిగేవాళ్ళకు ఎప్పుడూ రెండే ప్రశ్నలు. మీరెక్కడి నుంచి వచ్చారు? మీ ముఖం ఎటు?

మొదటి ప్రశ్నకు మేం నల్లగొండ అని చెప్తాం. అడిగినవాళ్ళకు అది చాలదు. "అది సరే, అంతకుముందు?" అంటారు. అంతకుముందు కూడా నల్లగొండే. మా తాతలు ఊళ్ళమ్మట తిరిగి దూది ఏకారు, పరుపులు కుట్టారు. వాళ్ళ తాతలూ అదే పని చేశారు. ఏ ఓడా దిగి రాలేదు. ఏ గుర్రమూ ఎక్కి రాలేదు. కానీ పేరులో సాయిబు అనో బీ అనో వినపడగానే అడిగేవాళ్ళ కళ్ళముందు ఒక ఎడారి, రెండు ఒంటెలు కనపడతాయి. వాటి పక్కన మమ్మల్ని నిలబెడతారు.

రెండో ప్రశ్న చాలామంది నోటితో అడగరు. క్రికెట్ మ్యాచి రోజు చూపులతో అడుగుతారు. కిరాయికి ఇల్లు చూడబోయినప్పుడు ఒక ఇంటి ఓనరు మాత్రం నవ్వుకుంటూ నోటితోనే అన్నాడు: "మీరు రోజుకు ఐదుసార్లు అటు తిరిగి మొక్కుతరు గద. మరి మనసు ఇటెందుకుంటది?" ఇల్లు ఖాళీ లేదన్నాడు. టు-లెట్ బోర్డు అతని నెత్తిమీదే వేలాడుతోంది.

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పగల వస్తువు ఒకటి మా ఇంట్లో ఉంది. అరచేతిలో పట్టే ఇత్తడి డబ్బీ. దాని సంగతి చెప్పాలంటే ముందు మేముండే చోటు సంగతి చెప్పాలి.

మేముండేది దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ మధ్య. విజయవాడ రోడ్డూ నాగార్జునసాగర్ రోడ్డూ వచ్చి పట్నాన్ని తాకే చోటు ఇది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి మూటాముల్లె సర్దుకుని వచ్చినవాళ్ళకు మొదట కనపడే హైదరాబాదు ఇదే. చార్మినార్ మాకు చుట్టపుచూపు. మావాళ్ళు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో హమాలీ పని చేశారు, బత్తాయి బండ్లు తోశారు. 2021లో ఆ మార్కెట్‌ను బాటసింగారం తరలించేదాకా మా బతుకు దాని చుట్టూనే తిరిగింది.

దిల్‌సుఖ్‌నగర్ అన్న పేరే చూడండి. దిల్ ఫారసీ మాట. సుఖం సంస్కృతం. నగరమూ సంస్కృతమే. దిల్‌సుఖ్ రాం పర్షాద్ అనే జాగీర్దారు పేరు మీద వచ్చిందంటారు. అందులోంచి ఏ ముక్క తీసినా ఊరి పేరు మిగలదు. అయినా ఆ పేరును పట్టుకుని నువ్వెక్కడి నుంచి వచ్చావని ఎవరూ అడగరు. బస్సెక్కి టికెట్ అడుగుతారు, అంతే.

ఇక డబ్బీ సంగతి. అది నాంపల్లి నుమాయిష్‌లో కొన్నాం. 1938లో మొదలైన ఆ ఎగ్జిబిషన్‌లో మొరాదాబాద్ ఇత్తడి సామాన్ల దుకాణాలు ఉంటాయి. పాన్‌దాన్లు, అగరబత్తి స్టాండ్ల మధ్య పాతకాలపు ఓడ సామాన్ల నకళ్ళు పెట్టి అమ్ముతారు. దుర్భిణులు, దిక్సూచులు, ఎండ గడియారాలు. మా డబ్బీ మూత తీస్తే లోపల అయస్కాంతపు సూది. సూది చుట్టూ గంటల గీతలు. పైన మడిచిపెట్టిన మూడుమూలల రేకు. రేకును నిలబెట్టి, సూదిని చూసుకుని డబ్బీని ఉత్తరానికి తిప్పితే, రేకు నీడ గంటల గీతల మీద పడుతుంది. చేతి గడియారాలు లేని రోజుల్లో ఓడవాళ్ళూ సర్వేవాళ్ళూ సిపాయిలూ జేబులో వేసుకుని తిరిగిన వస్తువుకు ఇది నకలు. మూత మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక పాత కంపెనీ పేరు, కింద లండన్ అని చెక్కి ఉంది.

అది లండన్‌ది కాదని అమ్మేవాడికీ తెలుసు, మాకూ తెలుసు. ఇలాంటివి చేయడంలో ఉత్తరాఖండ్‌లోని రూర్కీ పేరున్న ఊరు. 1847లో అక్కడ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు. తర్వాత దాన్ని థామసన్ కాలేజీ అన్నారు, ఇప్పుడది ఐఐటీ. ఆ కాలేజీ నీడన సర్వే పరికరాలు, డ్రాయింగు పరికరాలు చేసే పనివాళ్ళు ఊళ్ళో తయారయ్యారు. ఇప్పుడు రూర్కీ నుంచీ మొరాదాబాదు నుంచీ ఈ నకళ్ళు దేశదేశాలకు పోతున్నాయి. మొరాదాబాదులో ఇత్తడి పోత పోసే చేతులు చాలామట్టుకు ముసల్మాన్ చేతులే. కొలిమి ముందు కూర్చుని, పొగ మింగి, సానబట్టి మెరిపించే చేతులు. తీరా డబ్బీ తయారయ్యాక ఆ చేతుల పేరు దాని మీద ఉండదు. లండన్ అని ఉంటుంది. అట్లా ఉంటేనే అమ్ముడుపోతుంది.

ఇది మాకు కొత్త కాదు. మా తాత కుట్టిన పరుపుల మీద ఊరి దొరలు పండుకున్నారు. ఏ పరుపు మీదా తాత పేరు లేదు.

ఎల్బీనగర్‌లో మా డాబా మీద ఆ డబ్బీ పెట్టి చూశాం. ముందు సూదితోనే పేచీ. స్లాబులో ఇనప చువ్వలు, పక్కన నీళ్ళ ట్యాంకు ఇనప స్టాండు. సూది ఒకచోట ఒకలా ఆగింది, రెండడుగులు జరిపితే ఇంకోలా ఆగింది. చెక్క స్టూలు మీదికెక్కించి ఇనుముకు దూరం జరిపితే కుదురుకుంది. సూది కుదిరినా నీడ కుదరలేదు. అది చెప్పే గంటకూ ఎండకూ పొంతన లేదు.

కారణం ఇది. ఎండ గడియారంలో ఆ రేకు అంచు భూమి ఇరుసుకు సమాంతరంగా ఉండాలి. అంటే ఏ ఊరి అక్షాంశం ఎన్ని డిగ్రీలైతే రేకు నేల మీది నుంచి అన్ని డిగ్రీలు లేచి ఉండాలి. లండన్ అక్షాంశం 51న్నర డిగ్రీలు. మాది 17 డిగ్రీల మీద కొంచెం. గంటల గీతలూ అంతే. 12 గంటల గీతకూ 3 గంటల గీతకూ మధ్య లండన్‌లో 38 డిగ్రీల ఎడం ఉండాలి. మా దగ్గర ఆ ఎడం 17 డిగ్రీలకు లోపే. ఇంకో సంగతి. లండన్‌లో సూర్యుడు ఎన్నడూ నడినెత్తికి రాడు. అక్కడ మధ్యాహ్నపు నీడ ఏడాది పొడుగునా ఉత్తరానికే. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి సూర్యుడు సరిగ్గా నెత్తిన నిలుస్తాడు. ఆ క్షణాన నిటారు కర్రకు నీడే ఉండదు. ఆ రెండు రోజుల మధ్య కాలమంతా మా మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. లండన్ కోసం గీసిన గీతలకు ఈ సంగతి తెలియదు.

డబ్బీలో పని లోపం ఏమీ లేదు. అది మా ఊరి కోసం గీసింది కాదు. ముందే ఉత్తరం గుర్తు పెట్టుకుని, దాని దక్షిణపు అంచు కింద పుస్తకాలు పెట్టి 34 డిగ్రీలు ఎత్తితే, అదే డబ్బీ మా ఎండను సరిగ్గా చదువుతుంది. 51న్నరలోంచి 17న్నర తీస్తే మిగిలేది ఆ 34. కొత్త నేల మీదికి వచ్చిన వస్తువు ఆ నేలకు తగ్గట్టు వాలితే చాలు. పగలగొట్టి పారేయనక్కర్లేదు.

సరిచేశాక కూడా చేతి గడియారానికీ దానికీ తేడా ఉంటుంది. దేశమంతటికీ ఒకటే టైం పెట్టారు. అది 82న్నర డిగ్రీల రేఖాంశం దగ్గరి టైం. ఆ రేఖ మన కాకినాడ దాపున పోతుంది. అంటే మా చేతికున్నది కాకినాడ టైం. మేం ఆ రేఖకు నాలుగు డిగ్రీలు పడమట ఉన్నాం. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు మా దగ్గరికి 16 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. దాని మీద కాలాన్ని బట్టి ఇంకో తేడా. ఫిబ్రవరి నడుమ హైదరాబాదులో అసలైన మధ్యాహ్నం గడియారంలో పన్నెండున్నరకు అవుతుంది. నవంబరు మొదట్లో పన్నెండుకే అవుతుంది.

మాకిది పుస్తకంలో లెక్క కాదు, రోజూ చేసే పని. జొహర్ నమాజు వేళ మొదలయ్యేది ఆ అసలైన మధ్యాహ్నం దాటాకే. అస్ర్ వేళా నీడ లెక్కే. హనఫీల లెక్కలో మధ్యాహ్నపు నీడను తీసేసి, కర్రకు రెండింతల నీడ పడ్డప్పుడు అస్ర్ వేళ మొదలు. కర్ర ఏ ఊళ్ళో ఉంటే లెక్క ఆ ఊరిదే. మసీదు గోడకు వేలాడే నమాజు వేళల కేలండరు మీద హైదరాబాదు అని రాసి ఉంటుంది. మక్కా వేళలకు నమాజు చేస్తే మా నమాజు చెల్లదు. మాకు రోజూ ఐదుసార్లు గుర్తుచేసేది మేమున్న ఊరి ఎండనే, మేమున్న ఊరి చీకటినే.

నకలు అన్న మాట మాకు బాగా తెలుసు. రెండు వైపుల నుంచీ వింటూ పెరిగాం. ఒక వైపువాళ్ళు అంటారు: "మీరు ఒకప్పుడు మావాళ్ళే, నడుమ మారిన్రు." అంటే మా దీన్ ఎక్కడిదో తెచ్చి మా మీద అతికించిన నకలు. ఇంకో వైపు మా సొంతవాళ్ళే. పాతబస్తీలో సంబంధం కలుపుకోబోతే మా ఉర్దూ విని మూతి తిప్పుతారు. "తెలుగు సాయిబులు, దూదేకులోళ్ళు. వీళ్ళేం ముసల్మానులు!" మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం. దువా తెలుగులో అడుగుతాం. ఏడుపొస్తే తెలుగులోనే ఏడుస్తాం. పీర్ల పండక్కి అలావా గుండం చుట్టూ ఆడినవాళ్ళం. దాంతో అక్కడా నకలే, ఇక్కడా నకలే. కాగితం మీద బీసీ-బీ. మరి అసలు ఎక్కడుందో ఎవరూ చూపించరు.

అసలుకూ నకలుకూ తేడా ఏమిటో డమాస్కస్‌లో ఉమయ్యద్ మసీదుకు జరిగిన దాన్ని బట్టి మేం అర్థం చేసుకున్నాం. 14వ శతాబ్దంలో ఆ మసీదులో ఇబ్న్ అల్ షాతిర్ అనే ఆయన మువక్కిత్‌గా ఉండేవాడు. మువక్కిత్ అంటే నమాజు వేళల లెక్క కట్టే ఉద్యోగి. పెద్ద ఖగోళ శాస్త్రవేత్త. 1366లో ఆయన జానెడు కూడా లేని ఒక పెట్టె చేశాడు. అందులో ఎండ గడియారం ఉంది, దిక్సూచి ఉంది, ఖిబ్లా దిక్కు చూపే ఏర్పాటు ఉంది. పేరు సందూఖ్ అల్ యవాఖీత్. కెంపుల పెట్టె అనుకోవచ్చు. మా నుమాయిష్ డబ్బీకి అది ముత్తాత లాంటిది. 1371లో ఆయనే మసీదు మినారు మీద పెట్టడానికి పాలరాతి మీద పెద్ద ఎండ గడియారం గీశాడు. ఐదు వందల ఏళ్ళు అది పనిచేసింది. 19వ శతాబ్దంలో ఆ రాయి పగిలింది. అప్పుడు అల్ తంతావీ అనే ఆయన దానికి నకలు చేసి ఆ చోటే పెట్టాడు. పగిలిన అసలు ముక్కలు డమాస్కస్ మ్యూజియంలోకి పోయాయి.

ఆ నకలు డమాస్కస్ ఎండను సరిగ్గా చెప్తుంది. ఎందుకంటే దాన్ని ఆ చోటుకే లెక్క కట్టి గీశారు. ఇబ్న్ అల్ షాతిర్ చేతులతో గీసిన అసలు రాయినే తెచ్చి ఎల్బీనగర్ డాబా మీద పెట్టండి. అది తప్పు చెప్తుంది. ఎండ గడియారానికి వంశం పనిచేయదు. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, మూత మీద ఏ పేరుంది అని ఎండ అడగదు. ఈ నేలకు లెక్క సరిపోయిందా అని ఒక్కటే చూస్తుంది. మమ్మల్ని అడిగేవాళ్ళు కూడా ఆ ఒక్కటి అడిగితే బాగుండేది. ఈ నేల మీద మా లెక్క ఎన్నడో సరిపోయింది.

ఇప్పుడు రెండో ప్రశ్న. మా ముఖం ఎటు?

హజ్‌కు పోయొచ్చిన మేనత్త ఒక ప్లాస్టిక్ ఖిబ్లా నుమా తెచ్చింది. ఖిబ్లా దిక్కు చూపే చిన్న దిక్సూచి. దానితోపాటు ఒక చిన్న పుస్తకం. పుస్తకంలో ఊళ్ళ పేర్లు, ఒక్కో ఊరి ఎదురుగా ఒక అంకె. మీ ఊరి అంకె చూసుకుని, సూదిని ఆ అంకె మీదికి తెస్తే బాణం గుర్తు ఖిబ్లాను చూపుతుంది. చూశారా? ఆ డబ్బీ ముందు అడిగేది మక్కా ఎక్కడుందని కాదు. నువ్వు ఎక్కడున్నావని. ఊరి పేరు చెప్పలేనివాడికి అది దిక్కు చూపలేదు.

ఈ లెక్క ఎంత పాతదో చెప్తాం. గజనీలో ఉన్న అల్ బిరూనీ ఆ ఊరి ఖిబ్లా కోసం 1025లో ఒక పెద్ద పుస్తకమే రాశాడు. ఆ పుస్తకం నిండా ఊళ్ళ అక్షాంశాలు, రేఖాంశాలు కనుక్కునే పద్ధతులే. మక్కాకు తిరగాలంటే ముందు గజనీ భూమి మీద సరిగ్గా ఎక్కడుందో తేల్చాలి. మా మతం మమ్మల్ని ముందు మా ఊరిని కొలుచుకోమంటుంది.

కొలిచి చూడండి. మక్కా ఒక్కటే. అయినా ఈ దేశంలో ఊరు ఊరికీ ముఖం తిరిగే కోణం వేరు. ఢిల్లీ ముసల్మాను సరిగ్గా పడమరకు తిరిగి, మూడు డిగ్రీలు దక్షిణానికి మళ్ళాలి. హైదరాబాదువాళ్ళం పడమర నుంచి దాదాపు 13 డిగ్రీలు ఉత్తరానికి మళ్ళాలి. విజయవాడలో 14, చెన్నైలో 18. ఢిల్లీవాడి కోణంలో నేను నిలబడితే నా ఖిబ్లా తప్పుతుంది అని మావాడు ఒకడు లెక్క కట్టి చూపించాడు. ముసల్మానులంతా ఒకటే ముద్ద అనుకునేవాళ్ళకు ఈ లెక్క చెప్పాలి. మా సజ్దా కోణం చూసి మాది ఏ ఊరో చెప్పొచ్చు.

దిక్కు కనుక్కునే పద్ధతి పేరులో ఇంకా పెద్ద సంగతి ఉంది. అయస్కాంతపు సూది రాక ముందు, వచ్చిన తర్వాత కూడా, ఖగోళ పండితులు నమ్మింది కర్రనే. చదునైన నేల మీద ఒక గుండ్రం గీయాలి. నడుమ నిటారుగా కర్ర పాతాలి. పొద్దున నీడ కొస గుండ్రం లోపలికి వచ్చే చోట ఒక చుక్క. మాపటేళ నీడ కొస బయటికి పోయే చోట ఇంకో చుక్క. రెండు చుక్కలూ కలిపితే అది తూర్పు పడమర గీత. మన సిద్ధాంత గ్రంథాల్లో ఆ కర్ర పేరు శంకువు. గుడికి దిక్కులు పెట్టడానికి వాడింది అదే. అరబ్బు పండితులు ఈ పద్ధతిని తీసుకుని మసీదులకు ఖిబ్లా కట్టారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు దాయిరా హిందియ్యా. హిందూస్థానీ గుండ్రం. మక్కాకు దిక్కు కట్టే గీతకు వాళ్ళు ఈ దేశం పేరు పెట్టి రాసుకున్నారు. "మనసు ఇటెందుకుంటది" అని అడిగిన ఇంటి ఓనరుకు ఈ సంగతి చెప్పే తీరిక ఆ రోజు లేకపోయింది.

చెప్పినా వినే రోజులు కావని కూడా ఉంటుంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలాయి. బస్టాపు దగ్గర నిలబడ్డవాళ్ళు, మిర్చిబజ్జీల బండి దగ్గర నిలబడ్డవాళ్ళు, కోచింగు సెంటర్ల పిల్లలు. పదిహేను మందికి పైగా చనిపోయారు. గాయపడ్డవాళ్ళలో మావాళ్ళూ ఉన్నారు. రోజూ మేం నడిచే ఫుట్‌పాత్ అది. మా పిల్లలు బస్సెక్కే చోటు అది. ఆ కేసు కోర్టులో నడిచింది. 2016 డిసెంబరులో ఐదుగురికి మరణశిక్ష వేశారు. 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. కేసుకు తీర్పు వచ్చింది. ఆ సాయంత్రం నుంచి మా మీద పడ్డ చూపుకు మాత్రం తీర్పు లేదు.

ఆ తర్వాత ఒకనాడు ఒక పెద్ద దుకాణం గేటు దగ్గర మా బ్యాగు తెరిపించారు. డబ్బీ బయటపడింది. "ఏందిది? సూదెందుకు? ఈ గీతలేంది?" నమాజుకు దిక్కు చూసుకోవడానికీ పనికొస్తుంది అన్నాం. పేరు అడిగారు. పేరు చెప్పాం. పక్కకు నిలబెట్టారు. వెనక వచ్చినవాళ్ళంతా లోపలికి పోతున్నారు, పోతూ పోతూ మమ్మల్ని చూస్తున్నారు. చివరికి ఒకాయన మూత తిప్పి చూశాడు. లండన్ అన్న అక్షరాలు చదివాడు. "ఫారిన్‌దా?" అన్నాడు. మర్యాదగా చేతికిచ్చి పొమ్మన్నాడు. మొరాదాబాద్ అని రాసి ఉంటే ఏమయ్యేదో! మా పేరు ఇబ్బంది పెట్టింది, లండన్ పేరు కాపాడింది. ఇండియాలో చేసిన వస్తువు మీద అబద్ధం పేరు ఉన్నందుకు ఆ రోజు మేం బయటపడ్డాం.

ఈ సూదులూ ఈ గీతలూ ఈ దేశంలో ఎవరి సొత్తు? 1370లో ఫిరోజ్ షా తుగ్లక్ కొలువులో ఉన్న మహేంద్ర సూరి అనే జైన పండితుడు ఆస్ట్రోలేబు మీద సంస్కృతంలో పుస్తకం రాశాడు. ఆస్ట్రోలేబు అంటే ఆకాశాన్ని చేతిలో పట్టుకుని వేళ కొలిచే ఇత్తడి పళ్ళెం. దానికి ఆయన యంత్రరాజం అని పేరు పెట్టాడు. మొగలుల కాలంలో లాహోరులో ఉస్తాద్ అల్లాదాద్ కుటుంబం తరతరాలుగా ఆ పళ్ళేలు చేసింది. అతుకు లేని ఇత్తడి ఖగోళ గోళాలు పోత పోసింది. అలాంటి పరికరాల మీద మన సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నవాటికి 1996లో పుస్తకం రాసింది శ్రీరాముల రాజేశ్వర శర్మ. ఆయన సంస్కృతం ప్రొఫెసరు. పాఠం చెప్పింది అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో. ఇందులో ఏది హిందువుది, ఏది ముసల్మానుది? విడదీసేవాళ్ళు విడదీసి చూపించండి.

మా ఇంటి దాపునే ఇంకో సాక్ష్యం ఉంది. ఎల్బీనగర్ నుంచి సంతోష్‌నగర్ దిక్కు పోతే ఫిసల్‌బండ. 1901లో నవాబ్ జఫర్ జంగ్ అక్కడి తన ఎస్టేటులో అబ్జర్వేటరీ మొదలుపెట్టాడు. 15 అంగుళాల దుర్భిణి తెప్పించాడు. 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. అదే నిజామియా అబ్జర్వేటరీ. ప్రపంచ దేశాలు కలిసి ఆకాశానికి పటం గీసే పనిలో అది తన వంతుగా 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచింది. 1944లో డైరెక్టరయిన అక్బర్ అలీ పెద్ద దుర్భిణి కావాలని పూనుకున్నాడు. ఆ 48 అంగుళాల దుర్భిణి 1968లో జాపాల్-రంగాపూర్‌లో నిలబడింది. ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం మీదుగా పోయే దారి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరదేశాల శాస్త్రవేత్తలు కూడా వచ్చి అక్కడి నుంచే చూశారు. ఆకాశం కొలిచిన చరిత్ర మా గల్లీ చివర ఉంది. బడి పుస్తకంలో లేదు. అందుకే బ్యాగులో సూది కనపడితే బాంబు గుర్తొస్తుంది, అబ్జర్వేటరీ గుర్తు రాదు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూసారాంబాగ్ దాకా నడిస్తే గుట్ట మీద రేమండ్ సమాధి. 1798లో చనిపోయిన ఫ్రెంచివాడు, నిజాం సైన్యంలో జనరల్. ఇక్కడి హిందువులు ఆయన్ని మూసారాం అన్నారు. ముసల్మానులు మూసా రహీం అన్నారు. సమాధి దగ్గర 7 మీటర్ల రాతి స్తంభం నిలబెట్టారు. పిల్లలకు దాన్ని చూపించి, ఇదే మన శంకువు అని చెప్పాం. మార్చి 21 ప్రాంతంలో అసలైన మధ్యాహ్నం దాని నీడ రెండు మీటర్లకు కాస్త పైన. డిసెంబరు చివర్లో ఆరు మీటర్లు. మే 9న ఆ స్తంభానికీ, పక్కన నిలబడ్డ మాకూ నీడ కాళ్ళ కిందే. పరదేశం నుంచి వచ్చినవాడి సమాధికి కూడా నీడ ఈ ఊరి కొలతలోనే పడుతోంది. ఆయనకు రెండు పేర్లు పెట్టి కలుపుకున్న ఊరికి మేం ఎందుకు బరువయ్యామో మాకు అర్థం కాదు.

పిల్లలు ఊరుకోలేదు. నకలుకు నకలు చేస్తామన్నారు. చెక్కపలక తెచ్చారు. రేకు కోసి 17 డిగ్రీల మీద ఇంకో మూడోవంతు వాలు పెట్టారు. లండన్ గీతలు వదిలేసి మా ఊరి గీతలు గీశారు. డాబా చువ్వల మీద సూదిని నమ్మకుండా, గుండ్రం గీసి మేకు పాతి, పొద్దున ఒక చుక్క, మాపటేళ ఒక చుక్క పెట్టి ఉత్తరం కనుక్కున్నారు. ఆ గీత మీదే 13 డిగ్రీలు కొలిచి జానమాజ్ పరిచే దిక్కుకు బాణం వేశారు.

పక్కింటి అత్తమ్మ బట్టలు ఆరేయడానికి వచ్చి చూసింది. "ఇదేందిరా పిల్లగా, మీ నమాజుకా?" అంది. నమాజుకూ, దేనికైనా, ఎండ వేళ చూపిస్తది అని చెప్పారు. ఆమె కాసేపు నీడను చూసింది. రాహుకాలం కూడా పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేదాకా ఎనిమిది భాగాలు చేసే ఎండ లెక్కే. పంచాంగం కూడా ఊరిని బట్టే గుణిస్తారు. "గురువారం ఆరో భాగం ఏ గీత కాడ పడ్తదో జర గుర్తు పెట్టు బిడ్డా" అంది. పిల్లలు ఎర్ర చుక్క పెట్టారు. ఇప్పుడు అమ్మ జొహర్‌కూ, అత్తమ్మ రాహుకాలానికీ అదే పలకను చూస్తున్నారు.

పలక కింద ఏం పేరు రాయాలని పిల్లలు అడిగారు. చేసినవాళ్ళ పేర్లు రాయమన్నాం. వాళ్ళ నలుగురి పేర్లూ తెలుగులో రాశారు. వాటి కింద ఎల్బీనగర్ అని రాశారు.